మాతాజీ వెనక తొమ్మిది సెకన్లు

జయదేవ్ మొహం చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. ఈ సంగతి ముందే చెప్పేస్తే మంచిది, అతని గురించి నేను న్యాయంగా మాట్లాడతానని ఎవరూ ఆశ పెట్టుకోరు. అంత మంచి కుర్రాడు సూరత్ మొత్తంలో లేడని మా అమ్మ సీత అభిప్రాయం. అమ్మ అతనితో కలిసి ఒక్క పూట పనిచేసి ఉంటే తెలిసేది.

ఇది రెండువేల ఎనిమిది నాటి మాట. రింగ్ రోడ్డు మీద ఒక బట్టల మార్కెట్లో, కింద మూడంతస్తులూ చీరల దుకాణాలు, నాలుగో అంతస్తులో మా ఆఫీసు. చీరల వ్యాపారుల కోసం ఫోన్లో నడిచే అప్లికేషన్ తయారుచేసేవాళ్ళం. ఇప్పుడందరూ యాప్ అంటున్నది దాన్నే. కీప్యాడ్ ఫోను, అగ్గిపెట్టె కంటే కాస్త పెద్ద తెర, అందులో దుకాణంలోని డిజైన్లన్నీ బొమ్మలుగా ఎక్కిస్తాం. బేరానికొచ్చినవాడికి సేఠ్ గద్దె మీంచి లేవకుండా చూపించుకోవచ్చు. జయదేవ్ దాన్ని రాసేవాడు. నేను పరీక్షించేదాన్ని. తెరుచుకోవడానికి ఎంతసేపు పడుతోంది, మీట నొక్కితే ఎంతసేపటికి కదులుతోంది, ఇవి కొలిచి చెప్పడం నా పని.

ఆ ఉద్యోగం పెట్టించింది జయదేవే. వాళ్ళ నాన్నది బ్యాంకు, మా నాన్న గోవిందరాజులుది సూరత్ స్టేషన్లో అసిస్టెంట్ స్టేషన్ మాస్టర్ ఉద్యోగం. తెలుగువాళ్ళ ఉగాది భోజనాల దగ్గర అమ్మ వాకబు చేస్తే, "తప్పకుండా ఆంటీ" అన్నాడట. అన్నమాట నిలబెట్టుకున్నాడు, కాదనను. కానీ ఆ తర్వాత వారానికోసారైనా ఎవరో ఒకరి ముందు "ప్రవల్లికని నేనే పెట్టించా" అనకపోతే అతనికి తిన్నది అరిగేది కాదు.

ఆ ఉద్యోగం పోతే నాకు సూరత్ కూడా పోతుంది. నాన్నకి రాజమండ్రి బదిలీ వచ్చింది. ఏళ్ళ తరబడి అమ్మ పోరగా పోరగా వచ్చిన బదిలీ అది. రైల్వే క్వార్టర్ ఖాళీ చెయ్యాలి. అమ్మకి రాజమండ్రి అంటే సొంత ఊరు. నాకు మాత్రం అది వేసవి సెలవుల్లో చుట్టాలు "ఏమే గుజరాతీ పిల్లా" అని బుగ్గలు గిల్లే చోటు. నేను పుట్టింది సూరత్‌లో. చదివింది, తగువులాడింది, సిటీ బస్సులో చెయ్యి వేసినవాణ్ణి చెప్పుతో కొట్టింది ఇక్కడే. చాలా గొడవయ్యాక ఇంట్లో ఒప్పందం కుదిరింది. వాళ్ళు వెళ్ళేలోగా నా ఉద్యోగం పర్మనెంట్ అయితే అడాజన్‌లో లేడీస్ హాస్టల్. కాకపోతే బీరువా, గ్రైండర్‌తో పాటు నేనూ రాజమండ్రికి.

పర్మనెంట్ చెయ్యాల్సింది మా ఓనర్ హస్ముఖ్‌భాయ్. రమణిక్‌లాల్ సేఠ్ అప్లికేషన్‌ని ఒప్పుకున్నాక చూద్దామన్నాడు. సేఠ్ మా మొదటి పెద్ద ఖాతాదారు. ఆయన ఊ అంటే మార్కెట్లో సగంమంది వెనకే వస్తారు. ఆయన మొదటి నుంచీ అడుగుతున్నది ఒక్కటే. ఫోను తెరిస్తే డిజైన్లు వెంటనే రావాలి, లేకపోతే బేరగాడు లేచి పక్క కొట్టుకి పోతాడు.

అవేమో వచ్చేవి కావు. తొమ్మిది సెకన్లు పట్టేది. వినడానికి తక్కువే. గద్దె మీద కూర్చుని, ఎదురుగా బేరగాణ్ణి పెట్టుకుని, ఖాళీ తెర చూస్తే తెలుస్తుంది తొమ్మిదంటే ఎంతో. కారణం నాకు తెలుసు, జయదేవ్‌కీ తెలుసు. ఒక చీర అడిగితే గోడౌన్‌లోని మూటలన్నీ విప్పినట్టు, అతను రాసింది మొత్తం డిజైన్లన్నిటినీ తెరిచి పెట్టుకున్నాక గానీ మొదటిది చూపించేది కాదు. దాన్ని మార్చాలంటే సగం మళ్ళీ రాయాలి. జయదేవ్‌కి మళ్ళీ రాయడం చిన్నతనం.

అందుకని అతను మాతాజీని తెచ్చాడు. అప్లికేషన్ నొక్కగానే ముందు అంబాజీ అమ్మవారి బొమ్మ వస్తుంది, సింహం మీద, ఎర్ర చీరలో. వెనకాల డిజైన్లు నింపాదిగా తెరుచుకుంటాయి. అయిపోగానే మాతాజీ తప్పుకుంటుంది.

మొదటిసారి సేఠ్‌కి చూపించడానికి పొద్దున బోణీ వేళకి వెళ్ళాం. అప్పుడే అగరొత్తి వెలిగించి గద్దె మీద కూర్చున్నాడాయన. జయదేవ్ మీట నొక్కి ఫోను చేతిలో పెట్టాడు. అమ్మవారు కనిపించగానే సేఠ్ ఫోన్ని రెండు చేతుల్లోకి తీసుకుని, కళ్ళు మూసుకుని, పెదవులు కదుపుతూ ఏదో చదువుకుని, నుదుటికి, ఒక కంటికి, ఇంకో కంటికి అద్దుకున్నాడు. కళ్ళు తెరిచేసరికి డిజైన్లు సిద్ధం. "ఇదిగో, ఇలా ఉండాలి," అన్నాడు. జయదేవ్ నా కాలి మీద కాలితో తట్టాడు. వాడి చూడమని ఆ ఫోను ఆయన దగ్గరే వదిలి వచ్చాం.

ఆఫీసుకి రాగానే రిపోర్టులో రెండు సెకన్లని రాయమన్నాడు.

"రెండు సెకన్లలో ఏం తెరుచుకుంది?" అన్నాను.

"తెర మీద బొమ్మ వచ్చిందా లేదా? వచ్చింది. తెరుచుకోవడం అంటే అదే."

"మీట నొక్కితే పనిచెయ్యాలి. అదీ తెరుచుకోవడం. ఔటర్‌లో ఆగిన బండిని వచ్చిందని రాయరు."

నాన్న దగ్గర నేర్చుకున్న మాట అది. సిగ్నల్ పడక స్టేషన్ బయట బండి ఆగిపోతే, లోపలివాళ్ళు సూట్‌కేసులు పట్టుకుని తలుపు దగ్గర ఎంత తోసుకున్నా, ప్లాట్‌ఫారం మీదికి వచ్చేదాకా నాన్న కలం ఎత్తడు. జయదేవ్ పకపకా నవ్వాడు. ఇది రైల్వే కాదు ప్రవల్లికా, మనుషులకి బాగుందనిపిస్తే చాలు అన్నాడు. అదే వారం ఆఫీసువాళ్ళందరం డుమస్ బీచ్‌కి వెళ్తే, టమాటా భజియాల బండి దగ్గర అందరికీ వినబడేలా, కాస్త ఆగండి, మా ప్రవల్లిక భజియాలు ఎన్ని సెకన్లకి వేగుతాయో రాసుకోవాలి అన్నాడు. అందరూ నవ్వారు. నవ్వినవాళ్ళ పేర్లు నాకు ఇప్పటికీ గుర్తున్నాయి.

రిపోర్టులో తొమ్మిదే రాశాను. అతను హస్ముఖ్‌భాయ్ గదిలోకి వెళ్ళాడు. నన్నూ పిలిచారు. సేఠ్‌కి లేని బాధ నీకెందుకు ప్రవల్లికాబెన్ అని హస్ముఖ్‌భాయ్ అడిగాడు. సేఠ్ కళ్ళు మూసుకుని ఉన్నాడు కాబట్టి తెలియలేదు, వెనకాల తొమ్మిది సెకన్లు నడుస్తూనే ఉన్నాయి అన్నాను. జయదేవ్ అక్కడే, నా ఎదురుగానే, నాకు కొత్త కాబట్టి తొందర ఎక్కువని, ఉద్యోగం పెట్టించిన వాడిగా తనకే సిగ్గుగా ఉందని చెప్పాడు. హస్ముఖ్‌భాయ్‌కి ఇద్దరం చెప్పిందీ విసుగ్గానే ఉన్నట్టుంది. నీకంత బాధగా ఉంటే నువ్వే తగ్గించి చూపించు, సేఠ్ ఖాయం చేసే రోజు దగ్గరికొచ్చింది అన్నాడు.

తగ్గించాను. ఆదివారం పూట ఆఫీసు తాళంచెవి తీసుకుని కూర్చున్నాను. మూటలన్నీ విప్పకుండా, తెర మీద పట్టే నాలుగు డిజైన్లు మాత్రం ముందు తెరిచి, మిగతావి కిందికి జరుపుతున్నకొద్దీ తెరుచుకునేలా మార్చాను. అక్కడ ఏ తెలివీ నేను కొత్తగా కనిపెట్టలేదు, బద్ధకించలేదు అంతే. సోమవారం హస్ముఖ్‌భాయ్ చేతిలో ఫోను పెట్టి నొక్కమన్నాను. మాతాజీ ఇలా మెరిసింది, డిజైన్లు అలా వచ్చాయి. ఆయన నాలుగుసార్లు మూసి, తెరిచి, తల ఊపాడు.

జయదేవ్ ఫోను తీసుకున్నాడు. ఒక్కసారి నొక్కి చూశాడు. అతను గొడవ చేస్తాడని నేను మాటలు సిద్ధం చేసుకుని ఉన్నాను. అతనేమో నవ్వి, "చాలా బాగుంది. సేఠ్‌కి నువ్వే చూపించు, ఇది నీ పని," అన్నాడు. అంత మర్యాదగా అతను నాతో ఎప్పుడూ మాట్లాడలేదు. నాకు అప్పుడే అనుమానం రావాల్సింది. నేనేమో గెలిచాననుకుని, సాయంత్రం ఇంటికెళ్ళి హాస్టల్‌కి ఏ బక్కెట్ కొనాలో ఆలోచించాను.

ఖాయం చేసే రోజు మళ్ళీ బోణీ వేళే. సేఠ్ గద్దె మీద, చుట్టూ ఆయన సేల్స్‌మన్లు నలుగురైదుగురు, ఎవరో ఊరి నుంచి వచ్చిన బేరగాడు కూడా గోడకి ఆనుకుని టీ తాగుతున్నాడు. హస్ముఖ్‌భాయ్ కొత్త చొక్కా వేసుకొచ్చాడు. జయదేవ్ అందరికీ వెనకగా, గడప దగ్గర నిలబడ్డాడు. నేను ఫోను సేఠ్ చేతికిచ్చి నొక్కమన్నాను.

మాతాజీ కనిపించింది. సేఠ్ అలవాటుగా ఫోన్ని రెండు చేతుల్లోకి తీసుకుని కళ్ళు మూసుకున్నాడు. ఆయన కనురెప్పలు వాలడమూ, మాతాజీ వెళ్ళిపోవడమూ ఒకేసారి జరిగాయి. తెర మీద డిజైన్లు తెరుచుకున్నాయి. మొట్టమొదటి డిజైన్ పల్చటి షిఫాన్ చీర, దాన్ని కట్టీ కట్టనట్టు కట్టుకుని నడుం మీద చెయ్యి వేసుకున్న మోడల్ పిల్ల.

సేఠ్ పెదవులు కదుపుతూనే ఉన్నాడు. ఆ షిఫాన్ పిల్లని భక్తిగా నుదుటికి అద్దుకున్నాడు. ఒక కంటికి అద్దుకున్నాడు. రెండో కంటికి కూడా అద్దుకున్నాడు. ముందు ఊరి బేరగాడు టీ గ్లాసులోకి కిసుక్కున నవ్వాడు, వెనకే ఒక సేల్స్‌మన్ దగ్గుతున్నట్టు నటించబోయి నవ్వేశాడు. సేఠ్ కళ్ళు తెరిచి చూసుకున్నాడు.

ఫోన్ని తెల్లటి పరుపు మీద బోర్లా పెట్టాడాయన. బోణీ వేళ, దండం పెడుతున్న చేతుల్లోంచి మాతాజీని వెళ్ళగొట్టారు అన్నాడు. గొంతు పెంచలేదు. నా దుకాణంలో, నా పనివాళ్ళ ముందు, నా చేత ఈ పని చేయించారు అని హస్ముఖ్‌భాయ్‌ని చూస్తూ అన్నాడు. నన్ను అసలు చూడలేదు.

అప్పుడు నేను వెనక్కి తిరిగి జయదేవ్‌ని చూశాను. అతను నవ్వట్లేదు. అతని చేతిలో ఇంకో ఫోను సిద్ధంగా ఉంది. అందులో పాత అప్లికేషన్ ఉందని ముందుకొచ్చి చెప్పేదాకా ఆగక్కర్లేకపోయింది. సోమవారం ఒక్కసారి నొక్కి చూసినప్పుడే అతనికి ఈ దృశ్యం మొత్తం కనిపించింది. నేను నా బొటనవేలితో కొన్ని వందలసార్లు తెరిచి చూశాను, చేతులు జోడించినవాడి చేతిలో పెట్టి ఒక్కసారి కూడా చూడలేదు. అతను చూశాడు, చూసి నన్ను పంపించాడు.

"ఈ అమ్మాయి కొత్త సేఠ్‌జీ," అన్నాడు జయదేవ్ గుజరాతీలో, "మీకు నచ్చిన పాతదే పెట్టిస్తాను." హస్ముఖ్‌భాయ్ చేతులు జోడించి అదే మాట ఇంకోసారి అన్నాడు. రాజమండ్రి నా కళ్ళ ముందు కనిపించింది, చుట్టాలతో సహా.

సేఠ్ ఆ ఫోను అందుకోలేదు.

"అదీ వద్దు," అన్నాడు. "పొద్దున బోణీకి బాగానే ఉంటుంది. ఆ తర్వాత బేరగాడు కూర్చుంటాడు, నేను నొక్కుతాను, మాతాజీ వచ్చి కూర్చుంటుంది. కదలదు. బేరగాడు లేచిపోతాడు. మాతాజీ మీద మీట నొక్కి తప్పుకో అనమంటారా? ఆలస్యం చేస్తున్నావని తల్లి మీద ఎవరికి ఫిర్యాదు చెయ్యను?"

సేల్స్‌మన్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. వాళ్ళలో పెద్దవాడు నెమ్మదిగా అసలు సంగతి బయటపెట్టాడు. ఫోను ఇచ్చిన మర్నాటి నుంచీ దాన్ని పొద్దున దర్శనానికి ఒక్కసారి తెరుస్తున్నారట. దండం పెట్టుకుని, మూసి, పటం పక్కన పెట్టేస్తున్నారట. డిజైన్లు మాత్రం ఎప్పటిలాగే అట్టల ఆల్బంలో చూపిస్తున్నారట. అన్ని నెలల మా చాకిరీ ఆ దుకాణంలో దేవుడి పటం అయి కూర్చుంది.

జయదేవ్ చెయ్యి ఇంకా చాపే ఉంది, ఫోనుతో. ఆ చెయ్యి ఎప్పుడు దించాలో అతనికి తెలియలేదు. నాకు ఎంత సంతోషమైందో చెప్పడానికి సిగ్గుపడను.

మాట్లాడొద్దని హస్ముఖ్‌భాయ్ కళ్ళతో చెబుతున్నా నేను మాట్లాడాను. మాతాజీ ఎప్పుడు వెళ్ళాలో మా లెక్క ప్రకారం కాకుండా సేఠ్‌జీ ఇష్ట ప్రకారం చేస్తానన్నాను. పొద్దున మొదటిసారి తెరిచినప్పుడు దండం పూర్తయి ఆయన మీట నొక్కేదాకా మాతాజీ ఉంటుంది, డిజైన్లు వెనకాల సిద్ధంగా ఉంటాయి. ఆ రోజంతా మళ్ళీ తెరిస్తే తిన్నగా డిజైన్లే. మొదటి డిజైన్‌గా నిండుగా కట్టిన పట్టుచీర పెడతానని కూడా అన్నాను. సేఠ్ నా వైపు తిరగలేదు. హస్ముఖ్‌భాయ్‌తో, అలా చేసి పంపించు, తీసుకుంటాను అన్నాడు. ఈ అమ్మాయి మాత్రం మళ్ళీ నా గడప ఎక్కకూడదు అన్నాడు.

మెట్ల మీద హస్ముఖ్‌భాయ్ ఆగాడు. జయదేవ్ అప్పటికే మొదలుపెట్టాడు, పరీక్షించే మనిషి సరిగ్గా పరీక్షించకపోతే ఇలాగే ఉంటుందని. హస్ముఖ్‌భాయ్ చెయ్యెత్తి ఆపాడు.

"నువ్వు రెండు అన్నావు. ఈమె తొమ్మిది అంది. సేఠ్ రోజుకి ఒక్కసారి అంటున్నాడు. నేను ఎవరి మాట విని మునగాలి?" అని, నా వైపు తిరిగి, "నువ్వు నా పరువు తీశావు. రేపటి నుంచి నువ్వు పర్మనెంట్. నాకు తొమ్మిదంటే తొమ్మిదని చెప్పే మనిషి ఒకరు కావాలి. మార్కెట్లోకి మాత్రం రాకు," అన్నాడు.

ఆ మాటలకి నేను గాల్లో తేలుతూ ఇంటికెళ్ళాను. నాకంటే ముందే జయదేవ్ వచ్చి వెళ్ళాడు. బల్ల మీద అతను తెచ్చిన ఘారీ మిఠాయి డబ్బా ఉంది. అమ్మ దాన్ని విప్పలేదు. పెద్దమనిషి చేత, బోణీ వేళ, దేవుడి బొమ్మ అని చెప్పి బట్టల్లేని బొమ్మని కళ్ళకద్దించానట. మార్కెట్ మొత్తం నవ్వుతోందట. సేఠ్ నన్ను గడప ఎక్కొద్దన్నాడట. జయదేవ్ ఎంతో నచ్చజెప్పి నా ఉద్యోగం నిలబెట్టాడట. ఒక్క ఉద్యోగం నిలబెట్టడం తప్పితే మిగతావన్నీ నిజానికి దగ్గరగానే ఉన్నాయి, అదే నాకు ఎక్కువ మంట. పల్చటిదైనా చీర చీరే అని చెబితే అమ్మ ఇంకా రేగింది.

ఇంత చెడ్డపేరు తెచ్చుకుని ఒక్కదానివీ ఈ ఊళ్ళో ఎలా ఉంటావు, నడు మాతో అంది. ఒప్పందం సంగతి గుర్తుచేశాను. పర్మనెంట్ అయితే ఉండమన్నావు, అయింది. ఉంటే ఉండు, ముందు జయదేవ్ ఇంటికెళ్ళి క్షమించమని అడిగిరా అంది. అడగనన్నాను. నాన్న తువ్వాలుతో మొహం తుడుచుకుంటూ, ఉద్యోగం అయిందా లేదా అని ఒక్క మాట అడిగాడు. అయిందన్నాను. సరే అని బట్టలు సర్దుకోవడానికి లేచాడు. అమ్మ ఆ రోజు నుంచి నాతో మాట్లాడలేదు. అన్నం పెట్టేది, గిన్నె చప్పుడు చేసి పెట్టేది.

వాళ్ళు వెళ్ళే రోజు సామాను ఎక్కించి కిటికీ దగ్గర నిలబడ్డాను. అమ్మ అవతలి కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. నేను కొనిచ్చిన మంచినీళ్ళ సీసా కూడా నాన్నే అందుకున్నాడు. విజిల్ వేశారు, బండి కదిలింది, చెయ్యి ఊపింది నాన్న ఒక్కడే. ప్లాట్‌ఫారం దాటి కాస్త దూరం వెళ్ళి మళ్ళీ ఆగిపోయింది. నా ఫోను మోగింది. ముందు సిగ్నల్ పడలేదమ్మా, పుస్తకాల్లో మాత్రం మేం రైట్ టైముకి వెళ్ళిపోయినట్టే అని నాన్న నవ్వాడు.

నేను ప్లాట్‌ఫారం చివరిదాకా నడిచాను. వాళ్ళ పెట్టె తలుపు దగ్గర అమ్మ నిలబడి ఉంది. పైట కొంగు గట్టిగా పట్టుకుని నన్నే చూస్తోంది. ఫోను ఇటివ్వండి అనడం వినిపించింది.

"ఒక్కసారి," అంది అమ్మ. "ఒక్కసారి అతనికి తప్పయిందని చెప్పు. నిన్ను మాట పడనివ్వడులే, మంచివాడు. నా మనసు కుదుటపడుతుంది."

"చెప్పను."

"నేను అడిగినా?"

"నువ్వడిగినా చెప్పనమ్మా. తప్పు చేస్తే సేఠ్‌కి చేశాను. అతనికి చెయ్యలేదు."

బండి చిన్న కుదుపుతో కదిలింది.

"అయితే ఆ ఊళ్ళోనే పడి ఉండు," అంది అమ్మ, ఫోను పెట్టేసింది.

ఇన్నాళ్ళుగా నేను పోట్లాడుతున్నది ఆ మాట కోసమే. ఎలా అంటుందని ఎన్నో రకాలుగా ఊహించుకున్నాను, ఇలా మాత్రం ఊహించలేదు. నాకు ఏడుపొచ్చింది. అమ్మ తలుపు దగ్గరే ఉంది, లోపలికి వెళ్ళలేదు, చెయ్యీ ఊపలేదు. వంపు తిరిగి పెట్టె కనిపించకుండా పోయేదాకా నేనూ కదల్లేదు.

ఆఫీసుకి వెళ్ళేసరికి జయదేవ్ తన కుర్చీలో ఉన్నాడు. ఆంటీవాళ్ళ బండి వెళ్ళిందా అని అడిగాడు, మా మధ్య ఏమీ జరగనట్టు. నేను కుర్చీ లాక్కుని అతనికి వీపు పెట్టి కూర్చుని, ఫోను చేతిలోకి తీసుకున్నాను.